రెండు రోజుల పున్నమి

మా వైపు గుమ్మం దిగుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే ఆ పని అక్కడితో సరి. "దూరమా?" అనాలి. అవతలి మనిషి కాశీకే వెళ్తున్నా సరే "ఆఁ, ఇక్కడికే" అని చెప్పి కదలాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి, గరివిడిలో గిన్నెల కొట్టు రమేష్‌బాబు భార్య అనూరాధకు మాత్రం కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయినా తలకెక్కలేదు. ఆవిడ పెద్ద ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి.

మాఘ పున్నమి నాడు ఇంకా తెలతెలవారుతుండగా అనూరాధ పళ్ళు తోముకుంటూ వీధి అరుగు మీదికి వచ్చింది. ఆడపడుచు ప్రసూనాంబ అప్పటికే సైకిలు బయటికి తీసి, కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ముందు చక్రంలో గాలి ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తోంది.

"ఎక్కడికి వదినా, ఇంత పొద్దున్నే?"

ప్రసూనాంబ సైకిలుకు మళ్ళీ స్టాండు వేసి లోపలికి వెళ్ళింది. గ్లాసుడు మంచినీళ్ళు తాగి, పీట మీద కాసేపు కూచుంది. అపశకునానికి అదే మందు. తల్లి బతికున్న రోజుల్లో ఈ గుమ్మంలో నిలబడి "దూరమా అమ్మా?" అని అడిగేది. తల్లి పోయాక ఆ మాట అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

"అమ్మా తల్లీ, నీ నోటికో దండం," అంటూ బయటికి వచ్చింది. "నేను వీధి మలుపు తిరిగేదాకా పళ్ళు తోముకుంటూనే ఉండు. నోరు విప్పకు."

అనూరాధ నురగ ఉమ్మేసి నవ్వింది. మనిషి చెడ్డది కాదు, పద్ధతే తెలీదు. "నిరుడు మీ నేస్తం రాలేదని వచ్చి రెండ్రోజులు అన్నం తినలేదు. ఇంక సైకిలు ముట్టననీ అన్నారు. మళ్ళీ ఎందుకు వదినా ఈ వయసులో?"

"ఇదే ఆఖరు. ఇవాళ అది వంతెన దగ్గర ఉంటే సరేసరి. లేదా, ఈ సైకిలు పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేస్తాను. నేస్తరికమూ లేదు, గీస్తరికమూ లేదు."

అని, సంచి క్యారేజికి కట్టి ఎక్కింది. సంచిలో రెండు గిన్నెలు గలగలమన్నాయి.

ఆ గిన్నెల సంగతి చెప్పాలంటే ముందు నేస్తం సంగతి చెప్పాలి.

ప్రసూనాంబది వర్తకుల ఇల్లు. స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. పెళ్ళి ఎందుకు కాలేదంటే ఊళ్ళోవాళ్ళు నాలుగు కారణాలు చెప్తారు. ఆవిడనే అడిగితే "తీరిక లేకపోయింది" అంటుంది. కొట్టులో ఆవిడ పని గిన్నెల మీద పేర్లు కొట్టడం. చిన్న మిషను చేత్తో పట్టుకుని చెంబుల మీదా, పళ్ళేల మీదా, "శుభాకాంక్షలతో" అంటూ ఎవరెవరివో పేర్లు, ఇంటిపేర్లతో సహా చెక్కి ఇస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ వంటింట్లో చూసినా ఆవిడ చేతిరాతే. తన పేరు చెక్కిన గిన్నె మాత్రం ఆవిడకు ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు.

ఇంటికి నాలుగిళ్ళ అవతల కూర్మనాథం పంతులుగారుండేవారు. రామాలయంలో అర్చన చేసుకుంటూ, సాయంత్రాలు పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆయన కూతురు హైమవతి. ప్రసూనాంబ, హైమవతి ఒక బడి, ఒక బల్ల. ఇద్దరూ పరికిణీలు కట్టే రోజుల్లో ఒక మాఘ పున్నమికి పంతులుగారు ఇద్దర్నీ శ్రీకూర్మం తీసుకెళ్ళి, గుడి ముందు ఒకే ఆకులో చక్కెరపొంగలి పెట్టించి, తులసి దండలు మార్పించి నేస్తం కట్టారు. మా వైపు నేస్తం కట్టుకోవడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు, పెళ్ళంత పని. నేస్తం కట్టుకున్నవాళ్ళు ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. "నేస్తం" అనే పిలవాలి. పేరెత్తితే ఆ మనిషి ఆయుష్షు తగ్గుతుందని పెద్దల మాట. అందుకే ఊరందరి పేర్లూ చెక్కే ప్రసూనాంబ, హైమవతి పేరు మాత్రం ఏ గిన్నె మీదా చెక్కలేదు, నోటితో అననూ లేదు. దూరం నుంచి పిలవాల్సి వస్తే సైకిలు బెల్లు కొట్టేది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. అవతలి నుంచీ అలాగే జవాబు వచ్చేది.

హైమవతికి పెళ్ళయి ఆమదాలవలస వెళ్ళిపోయింది, అక్కడ తండ్రిలాగే పిల్లలకు పాటలు చెప్పేది. అప్పుడు పెట్టుకున్నారు ఈ ఒప్పందం. ఏడాదికొకసారి, మాఘ పున్నమి నాడు, నేస్తం కట్టిన చోటికి ఇద్దరూ సైకిళ్ళ మీదే వెళ్ళాలి. గరివిడి నుంచి ఈవిడ, ఆమదాలవలస నుంచి ఆవిడ బయల్దేరి శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెన దగ్గర కలుసుకోవాలి. అక్కణ్ణుంచి కలిసి శ్రీకూర్మం. హైమవతి పులిహోర తేవాలి, ప్రసూనాంబ గిన్నె తేవాలి. గిన్నె మీద "నేస్తానికి" అని ఒకే ఒక్క మాట. చీకటి పడేలోపు ఎవరిళ్ళకు వాళ్ళు.

ఇంకో నియమం కూడా ఉంది. అది ప్రసూనాంబ పెట్టింది. ఫోన్లు వచ్చాక ఒక ఏడు హైమవతి ముందురోజు ఫోను చేసి "రేపు వస్తున్నావు కదే?" అని అడిగింది. దానికి ఈవిడకు ఎక్కడ లేని పౌరుషమూ వచ్చింది. "పిలిస్తే వచ్చేది చుట్టం. పిలవకపోయినా వచ్చేది నేస్తం. ఇంకెప్పుడూ దీనికి ఫోను చెయ్యకు," అని పెట్టేసింది. ఆ మాట తనకే ఎంత నచ్చిందంటే, కొట్టుకొచ్చిన వాళ్ళకల్లా చెప్పుకుంది. చూడండి, మనిషి తను తవ్విన గోతిని తనే ఎంత ముచ్చటగా చూసుకుంటాడో!

పంతులుగారు ఉన్నన్నాళ్ళు ఏ చిక్కూ రాలేదు. పున్నమి ఫలానా రోజు అని కూతురికీ ఆయనే కబురు పెట్టేవారు, ప్రసూనాంబకూ ఆయనే చెప్పేవారు. ఆయన పోయారు. ఆ మరుసటి ఏడే, అంటే నిరుడు, ప్రసూనాంబ వంతెన దగ్గర పడిగాపులు కాసింది. హైమవతి రాలేదు. శ్రీకూర్మం వెళ్ళకుండానే అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి వచ్చేసింది. ఫోను చెయ్యలేదు. తప్పు దానిది, అదే చెయ్యాలి. అవతలి నుంచీ ఫోను రాలేదు. ఇలాగే ఏడాది గడిచింది. నిరుడు ఇవ్వాల్సిన గిన్నె కొట్టులో పై అరలో ఉండిపోయింది. ఎవరడిగినా అమ్మలేదు. ఈ ఏడు మళ్ళీ ఒకటి చెక్కింది. ఆ రెండూ ఇప్పుడు సంచిలో ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనకబడ్డాయి. చీపురుపల్లి దాటేసరికి ఎండ పొడిచింది. లావేరు దారి పట్టాక ఇంక ఆ దారికి వంక పెట్టడానికి లేదు. రెండు వైపులా తాటిచెట్లు. వరి కోసేసిన మడుల్లో మినుము, పెసర పచ్చగా పాకి ఉంది. ఎండిన గోగు కట్టెలు మోపులు కట్టి గట్ల మీద నిలబెట్టారు. మామిడి పూత వాసన ఎక్కడో ఒకచోట ముక్కుకు తగిలి, ఇంకాస్త ముందుకెళ్తే పోతుంది. దూరంగా కొండలు, వాటి మీద మంచు ఇంకా విడలేదు. ఇంత దారిలో ఒక్క కారు గాని ఎదురైతే ఒట్టు.

ప్రసూనాంబకు ఆ దారిలో ప్రతి మలుపూ ఒక కబురే. ఈ కల్వర్టు దగ్గర ఒక ఏడు హైమవతి గేదెకు దారి ఇవ్వబోయి బురదలో పడింది. గేదె మాత్రం నిలబడి నింపాదిగా చూసింది. ఆ రోజు నవ్విన నవ్వుకు ఇద్దరికీ డొక్కలు పట్టేశాయి. ఇప్పుడు గుర్తొచ్చి నవ్వబోయింది. పక్కన నలుగురు ఆడవాళ్ళు కలుపుకు వెళ్తున్నారు. ఒక్కతే నవ్వుకుంటూ పోయే ముసలిదాన్ని చూస్తే ఏమనుకుంటారు? నవ్వు మింగేసింది. కబురు ఉండి చెప్పుకునే మనిషి లేకపోతే అది కడుపులో ఉబ్బరంలా ఉంటుంది. ఆ ఉబ్బరం ఏడాది నుంచీ ఉంది ఆవిడకు.

లావేరులో ఇడ్లీ తిని, జీడితోటల్లోకి దిగింది. అక్కణ్ణుంచి హైవే దాకా రోడ్డుకు రెండు పక్కలా జీడిమామిడి తోటలే. కొమ్మలు నేలదాకా వంగి లోపల పగలే మసకగా ఉంటుంది. పొద్దుటిపూట ఫరవాలేదు, పనివాళ్ళు తిరుగుతుంటారు. సాయంత్రమైతే పిట్ట కూడా ఉండదు. నోరున్నంత ధైర్యం ప్రసూనాంబకు గుండెలో లేదు. మొదటి ఏడే తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గరే చతికిలబడి "ఆ తోటల్లోంచి ఒక్కదాన్ని ఎల్లలేనే" అంది. "ఓసింతేనా? పద, తోటలు దాటించి వస్తాను," అంది హైమవతి. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అదే వరస. శ్రీకూర్మం నుంచి తిరిగొచ్చేటప్పుడు హైమవతి తన ఊరి దారి వదిలేసి, ఇటు వచ్చి, పాటలు పాడుకుంటూ జీడితోటలు దాటించి, లావేరు పొలిమేరలో ఆగి బెల్లు కొట్టి వెనక్కి తిరిగేది. ప్రసూనాంబ దీపాలు పెట్టే వేళకు క్షేమంగా గరివిడి చేరిపోయేది.

హైవే మీద లారీలు గాలికే మనిషిని పక్కకు తోసేస్తాయి. అంచున బిక్కుబిక్కుమంటూ తొక్కి, ఊళ్ళోకి తిరిగి వంతెన చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

వంతెన దగ్గర హైమవతి లేదు.

సరే, ఇంకా వేళ ఉంది కదా అనుకుంది. రెయిలింగుకు సైకిలు ఆనించి, ఆమదాలవలస వైపు నుంచి వచ్చే జనాన్ని చూస్తూ నిలబడింది. ఆడమనిషి సైకిలు కనబడితే చాలు, గుండె ఒక్కసారి పైకి లేచేది. బడికెళ్ళే ఆడపిల్లలు గుంపులుగా పోయారు. కూరల బుట్ట కట్టుకున్న ఒకావిడ పోయింది. కింద నాగావళిలో నీళ్ళు ఒక పక్కకు సన్నబడి, ఇసకలో బట్టలు ఆరేశారు. కొబ్బరిబొండాలవాడు చాలాసేపు చూసి, "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు.

"ఎవరికోసమూ కాదు. గాలికి నిలబడ్డాను," అంది.

"ఈ ఎండలోనా?" అన్నాడు వాడు. ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

బెల్లు కొట్టి చూసింది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. పక్కన పోతున్న మోటారు సైకిలువాడు తననే అనుకుని తప్పుకున్నాడు. పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. కాళ్ళు పీకుతున్నాయి. ఏడుపు వచ్చింది. ఏడవడానికి అది చోటు కాదు కాబట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. అంత జనంలో అంత ఒంటరితనం ఆవిడకు ఎన్నడూ తెలియలేదు. ఇంట్లో ఒక్కతీ ఉన్నప్పుడు కూడా ఏడాదికొక రోజు తన కోసం బయల్దేరే మనిషి ఒకతి ఉందనే ధీమా ఉండేది. ఆ ఒక్క రోజూ పోయింది.

నిరుడు ఇక్కణ్ణుంచే కోపంతో వెనక్కి తిరిగింది. తిరిగి ఏం బావుకుంది? ఏడాదంతా గుండెల్లో రాయి మోసింది. ఈసారి అలా కాదు. కట్టిన చోటే విప్పి రావాలి. రెండు గిన్నెలూ స్వామి గుడిలో ఇచ్చేసి, దండం పెట్టి, ఇంక ఈ నేస్తరికం నాకొద్దు తండ్రీ అని చెప్పి వచ్చేస్తే తేలిపోతుంది. సైకిలెక్కి శ్రీకూర్మం దారి పట్టింది.

కొబ్బరితోటల మధ్య ఆ దారంతా సముద్రపు గాలి ఎదురు కొట్టింది. గుడి చేరేసరికి మధ్యాహ్నం తలుపులు వేసి ఉన్నాయి. బయట మండపం దగ్గర తవిటమ్మ తులసి దండలు కడుతోంది. వాళ్ళ నేస్తానికి దండలు ఇచ్చింది ఈ తవిటమ్మ తల్లే. తరవాత ప్రతి ఏడూ వీళ్ళ సైకిళ్ళు కాపలా కాసింది తవిటమ్మ.

"ఓలమ్మో! గిన్నెలమ్మ గదా! బతికే ఉన్నావేటి తల్లీ?" అని దండ కింద పడేసి లేచింది.

"ఉన్నానే. పోతే నీకు కబురు రాదూ?"

"మరి నిన్న రానేదేటి? నీ నేస్తం నీకోసం సూసి సూసి కళ్ళు కాయలు కాసిపోనాయి."

ప్రసూనాంబ చేతిలోంచి సైకిలు జారింది. సంచిలో గిన్నెలు దభీమని మోగాయి.

"నిన్నా? నిన్న దేనికొచ్చింది?"

"దేనికేటి? నిన్న పున్నమి గాదా?"

"పున్నమి ఇవాళ కదే!"

"బాగుంది బేరం! నిన్న రేత్రి నిండు సంద్రుడు ఉన్నాడు, నానీ కళ్ళతో సూసినాను. ఇవాళేటి పున్నమి?"

ప్రసూనాంబకు ఒక్కసారిగా అర్థమైంది. కేలండరులో సన్నగా వేసిన వేళలు గుర్తొచ్చాయి. తిథి నిన్న పొద్దెక్కాక వచ్చి, ఇవాళ పొద్దెక్కేదాకా ఉంది. నిన్న తెల్లారేసరికి పున్నమి లేదు, ఇవాళ తెల్లారేసరికి ఉంది. పొద్దున్న ఉన్న తిథే తిథి అని కేలండరులో ఇవాళ్టి గడిలో వేశారు. ఆ కేలండరు తనే కొట్టు పేరు మీద అచ్చు వేయించి ఊరంతా పంచింది. దాని మాటే వేదం అనుకుంది. రాత్రికి ఉన్న పున్నమి లెక్క చూసుకుంటే మాత్రం నిన్ననే.

"తవిటమ్మా, నిరుడు?" అంది ప్రసూనాంబ. "నిరుడు కూడా వచ్చిందా?"

"ఒచ్చినాది. నిరుడూ ఇదే కత. ఒంతెన కాడ సూసి, నువ్వు ముందే ఒచ్చీసావేమోనని ఇక్కడికి ఒచ్చినాది. సందేళ దాకా ఈ మండపం కాడే కూకున్నాది. నీ వాటా పులిహోర నాకు పెట్టీసి ఎల్లిపోనాది. నిన్నా అంతే. ఉప్పు తక్కువైనాది గాని బాగుంది పులిహోర." తవిటమ్మ దండ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నానడిగినాను తల్లీ, రేపు ఒస్తాదేమో, రేపొకసారి రారాదా అని. 'రేపు నావల్ల కాదు తవిటమ్మా. రేపు సంద్రుడు సీకటి పడ్డాక గాని లెగడు. దాన్ని జీడితోటలు దాటించాక, మళ్ళా ఆ తోటల్లోంచే నానొక్కర్తినీ రావాలి గదా. ఎన్నెల నేకపోతే నాకు బయ్యం' అన్నాది. ఇప్పుడు కళ్ళు కూడా సరిగా ఆనట్నేదంట. సందేళైతే దారి మసకంట. ఇదే ఆకరన్నాది. 'నన్ను మరిసిపోనాదిలే' అనీసి సైకిలు ఎక్కినాది."

ప్రసూనాంబ మండపం మెట్టు మీద కూలబడింది.

తోట దాటించిన మనిషి మళ్ళీ అదే తోట దాటి వెనక్కి వెళ్ళాలి కదా! ఇంత చిన్న విషయం. ఇన్నేళ్ళుగా లావేరు పొలిమేరలో బెల్లు విని, హమ్మయ్య అనుకుని, దీపాల వేళకు ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుని కాఫీ తాగింది. అదే వేళకు అవతల ఒక ఆడమనిషి, తనకూ భయమే అయినా ఆ మాట అనకుండా, తను దాటలేనన్న చీకటి తోటల్లోంచి ఒంటరిగా తొక్కుకుంటూ పోతోందని ఒక్కనాడూ తట్టలేదు. "నువ్వెలా ఎల్తావే?" అని ఒక్కనాడూ అడగలేదు. పైగా ఏటేటా వెక్కిరించేది కూడాను, "నీది కూతవేటు దూరం, నాది అసలు దూరం" అని.

పంతులుగారు చెప్పే మాట గుర్తొచ్చింది. పున్నమి రెండు రోజుల మీద పడ్డప్పుడల్లా ఆయన "మొదటి రోజే వెళ్ళండమ్మా. పిల్లకి వెన్నెల ఉండాలి" అనేవారు. ముసలాయనకు వెన్నెలంటే సరదా కాబోలు అనుకునేది. ఆ పిల్ల ఎవరో, ఆ వెన్నెల ఎందుకో ఇవాళ ఈ తవిటమ్మ చెప్తే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

గుడి తలుపులు తీశారు. లోపలికి వెళ్ళింది. శ్రీకూర్మంలో స్వామి పడమటికి తిరిగి ఉంటాడు. ఎవరో భక్తుడు వెనకనుంచి పిలిస్తే స్వామే ఇటు తిరిగాడని పంతులుగారు కథగా చెప్పేవారు. పిలిస్తే దేవుడే తిరిగాడు. వీళ్ళిద్దరూ ఏడాది పాటు ఒక్క ఫోను తిప్పలేకపోయారు. గిన్నెలు ఇవ్వలేదు ఆవిడ. విప్పుతానన్న మాట ఎత్తలేదు. దండం పెట్టి, పరుగులాంటి నడకతో బయటికి వచ్చి సైకిలెక్కింది.

తొందరపడితే పనులు సాగుతాయా? శ్రీకాకుళం పొలిమేరలో వెనక చక్రం పంచరైంది. ఇప్పుడు సైకిలు పంచర్లు వేసేవాడు దొరకడం గగనం. తోసుకుంటూ నాలుగు షాపులు తిరిగితే ఒక ముసలాయన దయ తలిచాడు. ఆయన ట్యూబు నీళ్ళలో ముంచుతుండగా ప్రసూనాంబ ఇంటికి ఫోను చేసింది.

"అనూరాధా, నేను ఇవాళ రావటం లేదు. ఇంకో చోటికి ఎల్తన్నాను. మీరు తినీసి పడుకోండి."

"ఇంకో చోటికా? ఎక్క..." అనూరాధ గొంతు ఠక్కున ఆగింది. తరవాత మెల్లగా అడిగింది. "దూరమా వదినా?"

ప్రసూనాంబకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆఁ, ఇక్కడికేనమ్మా," అంది.

ఊరు దాటి ఆమదాలవలస రోడ్డెక్కేసరికి పొద్దు గుంకిపోయింది. కాసేపు పడమట ఎర్రగా ఉంది, తరవాత అదీ పోయింది. సైకిలుకు దీపం లేదు. ఏనాడూ అవసరం రాలేదు. తూర్పున చూసింది. పాడ్యమి చంద్రుడు ఇంకా లేవలేదు. రోడ్డు పక్క చెట్లు నల్లగా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎదురుగా వచ్చే లారీల వెలుగుకు కళ్ళు బైర్లు కమ్మి, అది దాటాక చీకటి ఇంకా చిక్కబడేది. కుక్క ఒకటి వెంటబడితే గుండె నోట్లోకి వచ్చింది. రోడ్డు అంచు ఎక్కడో తెలియక రెండుసార్లు మట్టిలోకి దిగింది. ఒళ్ళంతా చెమట. "నేస్తం, నేస్తం" అని పైకే అనుకుంటూ తొక్కింది. ఆ భయంలో కూడా ఒకటి అనిపించింది. ఇది నడిరోడ్డు, మనుషులు తిరిగే చోటు. తోటల్లో ఎలా ఉండేదో!

ఊళ్ళోకి వచ్చాక వీధి గుర్తు పట్టలేకపోయింది. నేస్తం గృహప్రవేశానికి బస్సులో వచ్చినప్పుడు ఇన్ని మేడలు లేవు. కిళ్ళీకొట్టులో అడిగింది.

"ఎవరిల్లమ్మా? పేరు సెప్పండి."

పేరు చెప్పకూడదు కదా. "పాటలు చెప్తాది చూడు బాబూ, పంతులమ్మగారు."

"ఆవిడ పేరేటండీ?"

"ఏటైతే నీకెందుకయ్యా! పాటలు చెప్పే పంతులమ్మలు ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?"

వాడు బిత్తరపోయి మూడో సందు చూపించాడు.

సందు చివర ఇల్లు. గేటు వేసి ఉంది. లోపల వసారాలో బల్బు వెలుగు పలచగా ఉంది. ఒక మూల ఆడ సైకిలు గోడకు ఆనించి ఉంది. ప్రసూనాంబ గేటు బయట ఆగింది. రొప్పు తగ్గలేదు. ఏడాది పాటు కూడబెట్టుకున్న నిష్ఠూరాలు ఎన్నో ఉండేవి. ఒక్కటీ గుర్తు రాలేదు. బెల్లు మీద వేలు పెట్టింది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా.

లోపల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. తరవాత వసారా మూలనుంచి, గోడకు ఆనించిన సైకిలు బెల్లు మోగింది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా.

హైమవతి స్తంభం పట్టుకుని మెట్లు దిగింది. గేటు వైపు చూస్తోంది గాని చూపు ప్రసూనాంబ మీద కాక కాస్త పక్కన ఆగింది.

"నేస్తం, నువ్వేనా?"

"నేనే. పున్నమి నిన్ననటగా. నాకిప్పుడే తెలిసింది."

హైమవతి ఆకాశం వైపు తలెత్తింది, వెన్నెల ఇంకా లేదు. ఏడాది కోపం ఆవిడకూ ఉండే ఉంటుంది. కాని నోటికి ముందు వచ్చిన మాట అది కాదు.

"చంద్రుడింకా లేవలేదు కదే. ఒక్కదానివీ ఇంత చీకట్లో ఎలాగొచ్చావు?"

"నువ్వు ఇన్నేళ్ళూ ఎలాగెళ్ళావో, అలాగే."

హైమవతి తడుముకుంటూ వచ్చి గేటు గడియ తీసింది.